టమాటా నారుకు ముహూర్తం ఎవరు పెట్టాలి?

వేసవి టమాటాకు నారు పోసే రోజులు దగ్గరపడ్డాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, ములకలచెరువు వైపు ఏ ఊళ్ళో నలుగురు రైతులు కూర్చున్నా ఇదే మాట. ఇప్పుడే పోసేద్దామా, సంక్రాంతి వెళ్ళాక చూద్దామా, శివరాత్రి దాకా ఆగి జూలై ధర పట్టుకుందామా? నర్సరీల్లో బుకింగులు మొదలయ్యాయి. మండీలో ఈ రోజు పెట్టె ఎంత పలికిందో మధ్యాహ్నానికల్లా ఫోన్లలో తిరుగుతోంది. ఆ ధరను బట్టే చాలామంది ఎన్ని వేల నారు కావాలో లెక్క వేసుకుంటున్నారు. మన పేచీ అంతా ఆ లెక్కతోనే.

2023ను గుర్తు చేసుకుందాం. జూన్ చివర ధర లేచింది. జూలై నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కాయ కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్ళింది. తోటల్లో రాత్రిళ్ళు కాపలా పడుకున్న రోజులవి. ఆ ధర ఎన్నాళ్ళు నిలిచింది? ఆగస్టు సగం దాటేసరికి దిగజారింది. సెప్టెంబరులో పత్తికొండ రైతులు గిట్టుబాటు కాక కాయను రోడ్డు మీద పారబోశారు.

ఇప్పుడు వేళ్ళ మీద లెక్క వేయండి. ట్రేలో విత్తనం పెట్టిన 25 నుంచి 30 రోజులకు నారు నాటుకు వస్తుంది. నాటిన 60 నుంచి 70 రోజులకు మొదటి కోత. విత్తనం నుంచి తొలి పెట్టె దాకా ఎంత లేదన్నా మూడు నెలలు. జూన్ ఆఖరున ధర చూసి మర్నాడే విత్తనం పెట్టినవాడికి కూడా సెప్టెంబరు ఆఖరుకు గానీ కాయ చేతికి రాదు. ధర నిలిచింది ఏడెనిమిది వారాలు, పంటకు పట్టేది పదమూడు వారాలు. నర్సరీలో సిద్ధంగా ఉన్న నారు తెచ్చి నాటినవాళ్ళకు ఒక నెల కలిసొచ్చింది. వాళ్ళు సెప్టెంబరు మొదట్లో కోతకు వచ్చారు. అదే సమయానికి నాసిక్ ఖరీఫ్ పంట కూడా మార్కెట్లోకి దిగింది. ధర చూసి పరిగెత్తినవాడికి ఆ ధర ఎలాగూ అందదు. వాడి వెనక పరిగెత్తినవాళ్ళందరూ మాత్రం ఒకే వారం యార్డులో కలుస్తారు.

ఆ జూలైలో నాలుగు డబ్బులు చూసినవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో తోట నిలబెట్టినవాళ్ళు. అప్పటికి ధర లేదు. ఎండ, అకాల వర్షం, వైరస్ కలిసి చాలా తోటల్ని తినేశాయి, ధర లేదని కొందరు మధ్యలోనే వదిలేశారు. మిగిలినవాళ్ళలో ముందుచూపు ఉన్నవాళ్ళు కొందరైతే, అదృష్టం కలిసొచ్చినవాళ్ళు ఎక్కువ. ఈ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. 2021 నవంబరులో రాయలసీమలో వానలు ముంచెత్తినప్పుడు కూడా టమాటా కిలో 100 దాటింది. ఆ వానను లెక్కలో పెట్టుకుని ఆగస్టులో నారు పోసినవాడు ఎవడూ లేడు.

అయితే తేదీ ఎలా పెట్టుకోవాలి? ధర వైపు నుంచి కాకుండా పూత వైపు నుంచి, నీటి వైపు నుంచి లెక్క మొదలుపెట్టాలి. నాటిన నెలకు అటూ ఇటూగా పూత మొదలవుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాలుతుంది, పిందె నిలవదు. డిసెంబరు ఆఖరులో విత్తనం పెడితే చలి వల్ల నారు నాలుగు రోజులు ఆలస్యమైనా జనవరి ఆఖరుకు నాటు పడుతుంది, పూత ఎండలు ముదరకముందే వస్తుంది, ఏప్రిల్ మొదట్లో కోత మొదలవుతుంది. సంక్రాంతికి పెడితే ఏప్రిల్ మూడో వారం. శివరాత్రి దాకా ఆగితే పూత సరిగ్గా ఏప్రిల్ నడి ఎండల్లో పడుతుంది, కోత మే సగం దాటాక మొదలై, తోట నిలిస్తే జూలై దాకా సాగుతుంది. ఆలస్యంగా పోసిన నారుకే మంచి ధర దొరికే అవకాశం ఎక్కువన్న మాట అబద్ధం కాదు. కానీ జూలైలో ధర ఎందుకు ఉంటుంది? మే నెలలో ఆ తోటను బతికించగలిగినవాళ్ళు తక్కువ కాబట్టి. ఎండకు పూత రాలుతుంది, తెల్లదోమ పెరిగి ఆకుముడత వైరస్ కమ్ముతుంది, బోరు తగ్గుతుంది. మీ బోరు గత మే నెలలో ఎన్ని గంటలు పోసిందో మీకే తెలుసు. ఆ గంటలకు ఎంత తోట తడుస్తుందో అంతకే ఆలస్యపు నారు పోయండి. ఈ జనవరి నీటిని చూసి కాదు.

ఇంకో మాట. మదనపల్లె తేదీ మదనపల్లెకే. ఆ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, వేసవి రాత్రి అక్కడ కాస్త చల్లబడుతుంది. అందుకే అక్కడ వేసవి టమాటా కాస్తుంది. కర్నూలు నల్లరేగడిలోనో, చేవెళ్ళ వైపో అదే తేదీ పట్టుకుంటే మొక్క ఏపుగా పెరిగినా కాయ నిలవడం కష్టం. పక్క జిల్లా వీడియో చూసి నారు బుక్ చేసుకునే ముందు మన ఊరి ఎండను ఒకసారి తలుచుకోవాలి.

ఒకే రోజు రెండెకరాలకు నారు పోయడం కన్నా సగం ఇప్పుడు, సగం మూడు వారాల తర్వాత పోయడం మేలని మన అభిప్రాయం. ఒక కోత ధర పడిపోయిన వారాల్లో చిక్కినా, రెండోది కొంత ఆదుకుంటుంది. కోత కూలీలు కూడా ఒక్కసారే అవసరం పడరు. దీనిలో చిక్కు లేకపోలేదు. ముదురు తోట పక్కనే లేత నారు నాటితే తెల్లదోమ నేరుగా దాని మీదికి దిగుతుంది. కాబట్టి రెండో విడత గాలి వచ్చే వైపున, వీలైనంత దూరంలో ఉండాలి. చుట్టూ రెండు మూడు వరుసలు మొక్కజొన్న వేయాలి. కాపు అయిపోయిన తోటను ధర వస్తుందేమోనని నిలబెట్టకుండా పీకెయ్యాలి. ఇది ఒక్క రైతు చేస్తే చాలదు. పక్క పొలంలో వదిలేసిన తోట ఉంటే మీ జాగ్రత్త అంతా వృథా.

నారు సొంతంగా పెంచుకునేవాళ్ళు ట్రేల మీద సన్న కన్ను నైలాన్ వల కప్పడం మరవద్దు. మొదటి నెలలో వైరస్ ఎక్కిన మొక్క ఇక కాయదు. నర్సరీ నుంచి తెచ్చుకునేవాళ్ళు వయసు అడిగి తీసుకోండి. గిరాకీ పెరిగినప్పుడు 40 రోజులు దాటిన నారును కూడా అంటగడుతున్నారు. ట్రేలోనే పూమొగ్గ కనిపించినా, వేరు గోధుమ రంగుకు తిరిగి గూడు కట్టినా ఆ నారు వద్దనండి. రకం పేరు, విత్తనం లాట్ నంబరు రాసిన బిల్లు లేనిదే డబ్బు ఇవ్వొద్దు. రేపు కాపు రాకపోతే పరిహారం అడగడానికి మన చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఇంతవరకు రాసినదంతా తన తేదీ తాను పెట్టుకోగల రైతుకు. కౌలు రైతు మాటేమిటి? కౌలు కట్టాక భూమి ఒక్క నెల ఖాళీగా ఉన్నా అతనికి నష్టమే. డ్రిప్పు, మల్చింగ్ షీటు, కట్టెలు, తీగ, మందులు అన్నీ కలిపి ఎకరాకు పెట్టుబడి లక్ష దాటుతోంది. బ్యాంకు అతని ముఖం చూడదు కాబట్టి మండీలో అడ్వాన్సు తీసుకుంటాడు. అడ్వాన్సు ఇచ్చినవాడు కాయ తన దగ్గరికే రావాలంటాడు, ఎప్పటికి వస్తుందో కూడా అడుగుతాడు. అక్కడ ముహూర్తం పెట్టేది అప్పు. కౌలు రైతుకు పంట రుణం గురించి మనం చేస్తున్న పోరాటానికీ నారు పోసే తేదీకీ ఇంత దగ్గర చుట్టరికం ఉంది.

ఇక ప్రభుత్వం. 2023 జూలైలో పట్నంలో ధర పెరిగితే ఎంత వేగంగా కదిలారో చూశాం. నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్‌లు మన దగ్గరా, కర్ణాటక, మహారాష్ట్రల్లోనూ కొని ఢిల్లీలో రాయితీపై కిలో 90కి, తర్వాత ఇంకా తగ్గించి అమ్మాయి. ఆగస్టులో నేపాల్ నుంచి టమాటా దిగుమతి చేసుకుంటున్నామని ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పారు. సెప్టెంబరులో పత్తికొండ రోడ్డు ఎర్రబడినప్పుడు ఆ వేగం కనిపించలేదు. టమాటా, ఉల్లి, ఆలుగడ్డ రైతుల కోసమని 2018-19 బడ్జెట్లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. దాని పేరు మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

మద్దతు ధర లేని పంటలకు మార్కెట్ జోక్యం పథకం ఉంది. సాధారణ సంవత్సరంతో పోలిస్తే ధర కనీసం 10 శాతం పడిపోతే, రాష్ట్ర ప్రభుత్వం అడిగితే, అది అమల్లోకి వస్తుంది. 2025 ఫిబ్రవరిలో దాని నిబంధనలు సవరించారు. కొనుగోలు పరిమితిని ఉత్పత్తిలో 20 నుంచి 25 శాతానికి పెంచారు. కాయ కొనకుండా ధరలో తేడాను రైతు ఖాతాలో వేసే వీలు కూడా కల్పించారు. రాష్ట్రం అడగాలి అన్న చోటే వ్యవహారం ఆగిపోతోంది. ధర పడ్డాక రైతులు రోడ్డెక్కాలి, కలెక్టరు నివేదిక పంపాలి, రాజధానిలో ఫైలు కదలాలి, ఢిల్లీ అనుమతించాలి. కోసిన టమాటా వారం ఆగదు.

అందుకే ఈసారి మనం అడిగేది ధర పడ్డాక కాదు, నారు దశలోనే. మూడు నెలల తర్వాత మార్కెట్‌కు ఎంత కాయ రాబోతోందో ఈ రోజే తెలిసిన చోటు ఒకటుంది. అది నర్సరీ బుకింగు పుస్తకం. ఏ రకం నారు, ఎన్ని లక్షల మొక్కలు, ఏ వారంలో, ఏ మండలానికి వెళ్ళిందో అందులో ఉంటుంది. ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్‌కు 2010లోనే చట్టం వచ్చింది. ఉద్యాన శాఖ ఆ పుస్తకాల్లోని అంకెలను వారం వారం సేకరించి, మండలాల వారీగా రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. చిత్తూరు వైపుకు నారు పంపే కర్ణాటక నర్సరీల లెక్కను కూడా అక్కడి శాఖతో మాట్లాడి తెప్పించుకోవచ్చు. ఈ-పంట నమోదు దీనికి పనికిరాదు, అది నాటిన తర్వాతి మాట. ఫిబ్రవరిలో మొక్కలు మామూలుకన్నా మించిపోయాయని బోర్డు చెబితే కొందరైనా రెండో విడత నారు ఆపుకుంటారు, లేదా వంగకో మిరపకో మళ్ళుతారు. మార్కెట్ జోక్యానికి అడిగే ఉత్తరం మార్చిలోనే సిద్ధంగా ఉంటుంది.

ఇది ఖజానాకు భారమైన కోరిక కాదు. వ్యాపారుల దగ్గర ఈ లెక్క ఇప్పటికే ఉంది. వాళ్ళు నర్సరీలకు ఫోన్ చేసి కనుక్కుంటారు, పొరుగు రాష్ట్రాల తోటలను తిరిగి చూసి వస్తారు. తెలియనిది మనకే.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ నెల గ్రామ శాఖ సమావేశంలో ఒక కాగితం మీద రాయండి: ఎవరు ఎన్ని వేల నారుకు చెప్పారు, ఏ వారంలో నాటబోతున్నారు, సొంత నారా, నర్సరీదా, బోరుకు ఎంత నీరుంది. నిజం చెబుతారా అని కొందరు నవ్వుతున్నారు. కొందరు చెప్పరు. రెండెకరాలు వేసేవాడు ఎకరమే అంటాడు, తాను ఎక్కువ వేస్తున్నానని తెలిస్తే పక్కవాడూ వేస్తాడని భయం. ఆ భయం పోవాలంటే నాయకులే ముందు తమ అంకె రాయాలి. సంఘంలో బాధ్యతల్లో ఉండి టమాటా వేసే ప్రతి ఒక్కరూ మొదటి వరుసలో తమ పేరు, మొక్కల సంఖ్య రాసి ఆ తర్వాతే కాగితం ఇతరులకు ఇవ్వాలి. కౌలు రైతుల లెక్క విడిగా రాయండి, అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు ఎంతమందో కూడా.

ఆ కాగితాలు సంక్రాంతి లోపల మండల కమిటీలకు అందితే జనవరి సంచికలో మండలాల వారీ మొత్తాలు అచ్చు వేస్తాం. ఉద్యాన శాఖ అధికారికి ఇచ్చే వినతిపత్రానికి వాటినే జత చేస్తాం. డిసెంబరు నారు ఇప్పటికే పోసినవాళ్ళు కూడా రాయండి. రెండో విడత మీద నిర్ణయం తీసుకోవడానికి మిగతావాళ్ళకు ఆ అంకె కావాలి.