రేవులో ఫోన్ జేబులోనే

కచ్చిడి చేప లక్షలు పలికిందన్న వార్త మీ ఫోన్‌కీ ఎప్పుడో వచ్చే ఉంటుంది. దాని పొట్టలోని గాలితిత్తికే అంత ధర. అలాంటి వార్తలు కాకినాడ కుంభాభిషేకం రేవు నుంచి కూడా పుడతాయి. రామచంద్రపురం నుంచి ఆ రేవు ముప్ఫై కిలోమీటర్లు ఉంటుందేమో. దాని గురించి నాకు తెలిసిందల్లా ఆ వైరల్ వార్తలే.

మొన్న శనివారం బండేసుకుని వెళ్లాను. తెల్లారే వెళ్దామనుకున్నా గానీ, లేచేసరికే తొమ్మిదైంది. వేలం పాట అయిపోయింది. నిజానికి అదే మంచిదైంది. పాట జరిగేటప్పుడు మనలాంటివాళ్లు అడ్డమే. ఐసు కరుగుతుంటుంది, రేటు జారుతుంటుంది. సర్వర్ డౌనై మనం కొట్టుకుంటుంటే, చుట్టాలెవరో వచ్చి భుజం మీంచి తొంగిచూసి "ఇదేంట్రా?" అన్నట్టుంటుంది.

మధ్యాహ్నం రేవు వేరు. పని ఉంటుంది గానీ మాటలకీ చోటుంటుంది. వలలు బాగుచేసుకునేవాళ్లు, బోట్లలోకి డీజిలు, ఐసు ఎక్కించేవాళ్లు. వారం, పది రోజుల వేటకి వెళ్లే మరబోటుకి సరుకంతా ఇక్కడే సర్దుకోవాలి.

ఒకావిడ ఎండు నెత్తళ్లు తిరగేస్తోంది. వెనక బోట్ల రంగులు, పైన కొంగలు, ఫ్రేమ్ బాగుంది కదా అని క్లిక్ కొట్టేశాను.

"అడిగి తియ్యొచ్చు కదా బాబూ."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా ఆఫీసుకొచ్చి ఎవరైనా చెప్పకుండా నన్నిలా తీస్తే ఊరుకుంటానా? సారీ చెప్పి, ఆవిడ ముందే డిలీట్ చేశాను. "ఏ ఊరు?" అంది. చెప్పాను. "కోటిపల్లి తీర్థానికి అటే వెళ్తాం" అంటూ కాస్త పక్కకి జరిగి, నీడలో కూర్చోమంది.

పక్కన వల అల్లుతున్న పెద్దాయన్ని వేట నిషేధం గురించి అడిగాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు ఆపేస్తారు. "ఖాళీ ఏంటి బాబూ! ఇంజను విప్పాలి, రంగులెయ్యాలి, వలలు చూసుకోవాలి. అన్నీ ఖర్చులే, రాబడే ఉండదు" అన్నాడు. ప్రభుత్వం ఇచ్చే భృతి 10 వేల నుంచి 2025లో 20 వేలకి పెరిగింది. లెక్కేసి చూశాను, ఇంటికి రోజుకి 330 రూపాయలు కూడా రాదు. మాకు బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం పడుతుంది. అయినా దాని మీద ఎన్ని మీమ్స్ వేసుకుంటామో!

మీరూ వెళ్తే ఖరీదైన బూట్లు వద్దు, నేలంతా తడి, జారుతుంది. కట్టిన తాళ్లు చూసుకుని నడవండి. ముక్కుకి కర్చీఫ్ మాత్రం అడ్డం పెట్టుకోకండి. ఆ వాసనలోనే వాళ్లు అన్నం తింటున్నారు.

అరకిలో నెత్తళ్లు కొన్నాను, బేరమాడలేదు. బండి తీస్తూ, "ఇప్పుడు ఒక ఫొటో తీసుకోనా అమ్మా?" అనడిగాను.

ఆవిడ కొంగు సర్దుకుని నవ్వింది. "ఈ చీరతోనా? ఈసారి వచ్చినప్పుడు తీద్దువుగాని."