బారెడు తీగకు కాలము చెల్లలేదు

2020 ఆగస్టు 10వ తేదీన, చెన్నపట్టణమునుండి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భమున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబులు ప్రారంభమైన నాటినుండి, మన దీవులలో ఒక అభిప్రాయము గట్టిగా వేళ్లూనినది. ఇకమీదట సినిమాగాని, పాటగాని, మెయిన్‌లాండునుండి చుట్టములు పంపిన పెండ్లి వీడియోగాని నెట్టునుండి నేరుగా టీవీలోనికి దిగునుగనుక, జేబులో ఇమిడెడు ప్లేయరును తీగతో టీవీకి తగిలించుట పాతకాలపు చాదస్తమని చదువుకొన్నవారును, దుకాణదారులును ఏకకంఠమున చెప్పుచున్నారు. ఈ మాట విస్తారముగా ప్రచారమందినదేకాని, దీనికి ఆధారము లేదు.

ఆ కేబులు ఘనతను తగ్గించి చెప్పుట నా యుద్దేశము కాదు. ఇంచుమించు 2,300 కిలోమీటర్ల పొడవున, 1,224 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మితమై, నేడు శ్రీ విజయపురమని పిలువబడుచున్న పోర్ట్ బ్లెయిరును, స్వరాజ్ ద్వీపమును, రంగత్‌ను, లిటిల్ అండమాన్‌ను, కార్ నికోబార్‌ను, కమోర్టాను, గ్రేట్ నికోబార్‌ను చెన్నైతో కలిపి, అంతవరకు ఉపగ్రహముల దయపై నడచిన మన సమాచారముల రాకపోకలను అది మార్చివేసినది. అయినను జనావాసముగల దీవులు ముప్పదివరకు ఉండగా, తీగ ఒడ్డు చేరిన తావులు వ్రేళ్లపై లెక్కింపదగినవే. చేరినచోటను ఒడ్డునుండి ఇంటి గోడవరకు రావలసిన దారి వేరొకటి యున్నది. ఆ దారిలో సిగ్నలు మొరాయించిన సాయంకాలములు ఈ దీవులలో ఎవరికి తెలియవు?

ఇంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. 2011 జనగణన ప్రకారము ఈ దీవులలో నూటికి ఇంచుమించు పదుమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వలస వచ్చిన బెస్త కుటుంబములవారు. ఊరి జాతరయో, చెల్లెలి పెండ్లియో, మంచముపట్టిన అమ్మమ్మ చెప్పిన నాలుగు మాటలో చిన్న యంత్రములో నింపుకొని, దాదాపు మూడు దినములు ఓడలో ప్రయాణించి శ్రీ విజయపురపు హాడో రేవున దిగిన మనుష్యుని చేతిలో ఆ దృశ్యములు అప్పటికే యున్నవి. ఇంట పదిమంది చాపపై కూర్చుండి చూడగోరుచున్నారు. ఆ సొత్తును మరల నెట్టునకెక్కించి, అచటినుండి దింపుకొని చూడుమనుట ఏ విధమైన అభివృద్ధి? ఫోనులోనిది టీవీలో చూపుటకు క్యాస్టింగు అను పేర జరుగు పనిలో చాలమారులు చేతిలోని ఫోను బొమ్మను పంపదు; ఫలానా వీడియో తెచ్చుకొమ్మని చెప్పి ఊరకుండును, టీవీయే నెట్టునుండి దానిని లాగుకొనును. నెట్టు లేకుండ తెరను ప్రతిబింబింపజేయు పద్ధతియు నున్నమాట నిజమే. కాని అందు బొమ్మ కుదింపబడి, ఒక క్షణము వెనుకబడి వచ్చును, పాత టీవీలకు అదియును లేదు.

తీగకు చెడ్డపేరు వచ్చుటకు అసలు కారణము తీగ కాదు, దానినిగూర్చి ఎవరును వివరింపకపోవుట. పాత ప్లేయర్లకు వచ్చు మూడున్నర మిల్లీమీటర్ల పిన్నును దగ్గరగా చూచినచో మూడు నల్లని గీతలు, వానిచే వేరుపడిన నాలుగు లోహభాగములు కనబడును: ఎడమ శబ్దము, కుడి శబ్దము, బొమ్మ, భూమి (గ్రౌండు). ఈ నాలుగింటి వరుస కంపెనీకొక తీరుగా నున్నది. ఒకదాని తీగ మరియొకదానికి గ్రుచ్చినచో, తీగ రెండవ కొనన టీవీకి తగిలించు మూడు రంగుల పిన్నులలో, పసుపు పిన్నులో రావలసిన బొమ్మ ఎఱుపు పిన్నులోనికి పోవచ్చును. అట్టిచో ఎఱుపు పిన్నును టీవీ పసుపు రంధ్రమున పెట్టి, తక్కిన రెంటిని మిగిలిన రంధ్రములలో పెట్టినయెడల బొమ్మ తెరమీదికి వచ్చును. భూమి స్థానమే మారినచో మాత్రము ఈ యుపాయము పనికిరాదు, తగిన తీగయే కావలెను. ప్లేయరులో బొమ్మ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అని యున్నదానిని మన దేశపు పద్ధతియైన పాల్‌కు మార్చనిచో పాత టీవీలో రంగులు పోవును, లేదా బొమ్మ దొర్లును. ఇంతమాత్రమునకు "ఇది పనిచేయదు" అని తీర్పు చెప్పి, వేయి రూపాయల యంత్రమును మూలబెట్టించిన వర్తకులు ఎందరో!

క్రొత్త టీవీలలో ఆ మూడు రంధ్రములు అరుదైనవని కొందరందురు. ఒప్పుకొందును, వానికి బదులు హెచ్‌డీఎమ్ఐ యున్నది, ఒక్క తీగలోనే బొమ్మయు శబ్దమును కుదింపులేక పోవును. అయితే ఇందును "పిన్ను పట్టినచో బొమ్మ వచ్చును" అను భ్రమ వ్యాపించియున్నది. టైప్-సీ రంధ్రమున్నంతమాత్రమున ఫోను బొమ్మను బయటికి పంపజాలదు. ఆ శక్తి ఫోనులోనే యుండవలెను, లేనిచో ఎంత ఖరీదైన తీగయు బొమ్మను టీవీకి చేర్చలేదు. ఈ సంగతి కొనువాని కెఱిగించుట అమ్మువాని ధర్మము. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేనుండి ఓడలో వచ్చి సరకు కొనిపోవువాడు, తప్పు తీగ పడినదని మరునాడు తిరిగివచ్చి మార్చుకొనగలవాడు కాడు. కనుక అతని ప్లేయరును దుకాణములోని టీవీకే తగిలించి, బొమ్మయు శబ్దమును చూపిన పిమ్మటనే డబ్బు పుచ్చుకొనవలెను.