చిన్న కార్లకు చోటేదీ?

మోటారు పందాలు అనగానే మన ప్రభుత్వాలకు స్ఫురించేవి వేల కోట్ల రూపాయల ట్రాక్‌లు, విదేశీ జట్లు, విద్యుద్దీపాల ఆర్భాటం. అదే క్రీడకు అతి తక్కువ ఖర్చుతో కూడిన తొలిమెట్టు ఒకటి ఉన్నదన్న సంగతి విధాన నిర్ణేతల దృష్టికి వచ్చిన దాఖలా లేదు. రేడియో తరంగాలతో నడిపే చిన్న కార్ల పందాలే ఆ తొలిమెట్టు. మన నగరాల్లో వీటికి శాశ్వత ట్రాక్ కనిపించడం అరుదు. కారు కొనాలంటే ధర అందుబాటులో లేదు. కొన్నా నడపడానికి చోటు లేదు. ఈ రెండు అవరోధాలకూ మూలం వ్యక్తుల ఆసక్తి లోపం కాదు, ప్రభుత్వ విధానమే.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. తిరునాళ్లలో, బజారులో దొరికే రిమోట్ కారు వేరు, పందెపు కారు వేరు. మొదటిది చెడిపోతే పారవేయవలసిందే. రెండో దానిలో మోటారు, గేర్లు, షాక్ అబ్సార్బర్లు, చక్రాలు, వేగ నియంత్రణ పరికరం, బ్యాటరీ అన్నీ విడివిడిగా విప్పి మార్చుకోవచ్చు. అసలు కారులో పదో వంతు, ఎనిమిదో వంతు పరిమాణంలో ఇవి తయారవుతాయి. 1976లో జపాన్‌కు చెందిన తమియా సంస్థ పోర్షే 934 నమూనాను విడుదల చేయడంతో ఈ అభిరుచి సామాన్యుల ఇళ్లకు చేరడం ఆరంభమైంది. 1977లో అమెరికాలోని పొమోనాలో ప్రపంచ స్థాయి పోటీలు జరిగాయి. అంటే ఈ క్రీడకు అర్ధ శతాబ్ది చరిత్ర ఉన్నది.

దీనికి కావలసిన స్థలం ఎంత? విద్యుత్తుతో నడిచే పదో వంతు కార్లకు లోపల తివాచీ పరచిన పెద్ద హాలు చాలు. మన ఊళ్లలోని ఓ మోస్తరు కల్యాణమండపం సరిపోతుంది. ఎగుడుదిగుడు మట్టి బాటపై పరుగెత్తే ఎనిమిదో వంతు బగ్గీలకు ఎకరం లోపు నేల కావాలి. గట్లకు పైపులు, పోటీదారులు నిలబడి చూసేందుకు ఎత్తయిన వేదిక, చుట్టు సమయాన్ని లెక్కించే పరికరం, ఇవే ప్రధాన అవసరాలు. మట్టిని తడిపి, చదును చేసి, వారంవారం మరమ్మతు చేసే మనుషులు ఉండాలి. వీటిలో కాలగణన పరికరం తప్ప దిగుమతి చేసుకోవలసినది దాదాపు ఏమీ లేదు.

సుంకాల భారం

ట్రాక్ కన్నా ముందు కారు రావాలి. అక్కడే మొదటి ఆటంకం ఎదురవుతున్నది. బొమ్మల దిగుమతిపై సుంకాన్ని 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం 20 శాతం నుంచి ఏకంగా 60 శాతానికి పెంచింది. 2023 బడ్జెట్‌లో అది 70 శాతమైంది. పిల్లల మూడు చక్రాల సైకిలు, బొమ్మ, నడిచే నమూనా కారు అన్నీ కస్టమ్స్ పట్టికలో ఒకే శీర్షిక కింద ఉన్నాయి. 70 శాతం సుంకం మీద ఎలక్ట్రానిక్ బొమ్మలకు వర్తించే 18 శాతం జీఎస్టీని కూడా కలిపితే, విదేశంలో 10,000 రూపాయల విలువగల కారు రేవు దాటేసరికి 20,060 రూపాయలవుతుంది. రవాణా వ్యయం, దుకాణదారు లాభం ఇంకా దీనికి అదనం. కారు పందెంలో దెబ్బ తినడం సహజం కనుక విడిభాగాల ఖర్చు ప్రతి నెలా తప్పదు.

ఈ సుంకాల ఉద్దేశాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. చైనా నుంచి వెల్లువెత్తిన నాసిరకం బొమ్మలను అరికట్టాలన్నదే ఆ లక్ష్యం. ఫలితం కూడా కనిపించింది. కేంద్రం ప్రకటించిన లెక్కల ప్రకారం ఆ శీర్షిక కింద దిగుమతులు 2018-19లో 30.4 కోట్ల డాలర్లు కాగా, 2021-22 నాటికి 3.6 కోట్ల డాలర్లకు పడిపోయాయి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి అయినప్పుడు భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళా బొమ్మలను మినహాయించారు. కొండపల్లి, ఏటికొప్పాక కళాకారులకు ఆ మినహాయింపు ఊరట కలిగించింది.

అయితే కొండపల్లి బొమ్మకు పోటీ వచ్చేది చైనా ప్లాస్టిక్ బొమ్మే తప్ప పందెపు కారు కాదు. నాణ్యతా ఉత్తర్వు సైతం 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే వస్తువులనే బొమ్మలుగా నిర్వచించింది. పెద్దలు నడిపే పోటీ కారు ఒక ఉత్తర్వు దృష్టిలో బొమ్మ కాదు, సుంకాల పట్టిక దృష్టిలో మాత్రం బొమ్మే. ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు ఒకే వస్తువును రెండు విధాలుగా చూస్తున్నాయి. ఈ వైరుధ్యానికి మూల్యం చెల్లిస్తున్నది వినియోగదారుడు.

సుంకాలతో కష్టాలు తీరవు. ఈ కార్లకు శక్తినిచ్చే లిథియం బ్యాటరీలకు అగ్నిప్రమాద భయం ఉన్నది. అందువల్ల విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా తీసుకువెళ్లడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. భద్రత దృష్ట్యా అది సబబైన నిర్ణయమే. దాని పర్యవసానంగా ఈ సరుకు పరిమిత మార్గాల్లోనే రావలసి ఉంటుంది. ఒక్క రేడియో విషయంలో మాత్రం చిక్కు తొలగింది. 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని లైసెన్సు లేకుండా వాడుకునేందుకు 2005లోనే మన దేశం అనుమతించింది. పాత పద్ధతిలో ఒకే చానెల్‌పై రెండు కార్లు నడిస్తే తరంగాలు కలగాపులగమయ్యేవి. ఇప్పుడు ఆ బెడద లేకుండా ఎన్నో కార్లు ఒకేసారి పరుగెత్తగలుగుతున్నాయి. సకాలంలో తీసుకున్న చిన్న నిర్ణయం ఒక క్రీడకు ఎంత మేలు చేయగలదో చెప్పడానికి ఇదే నిదర్శనం.

డ్రోన్ల విషయంలో ప్రభుత్వం ఇంతకన్నా వివేకంగా వ్యవహరించింది. 2021లో నిబంధనలు సడలించి, రూ.120 కోట్లతో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం ప్రకటించింది. 2022 ఫిబ్రవరిలో పూర్తిగా తయారైన విదేశీ డ్రోన్లను నిషేధించినా, విడిభాగాల దిగుమతికి అనుమతి అక్కరలేదన్నది. ఇక్కడే తయారీ పెరగాలన్న కోరికకు అది అనువైన పద్ధతి. డ్రోన్‌లోని మోటారు, బ్యాటరీ, రిమోట్ పందెపు కారులోని వాటికి దగ్గరి బంధువులే. డ్రోన్‌కు వర్తించిన తర్కం కారుకు ఎందుకు వర్తించదో సమాధానం లేదు.

నేల ఎవరిది?

రెండో ఆటంకం నేల. ఉదాహరణకు నగర శివార్లలో ఒక స్థలాన్ని నెలకు 50,000 రూపాయలకు అద్దెకు తీసుకున్నారనుకుందాం. శని, ఆదివారాల్లో నెలకు 8 రోజులు, రోజుకు 20 మంది వస్తే 160 ప్రవేశాలు. ఒక్కొక్కరిపై అద్దె భారమే 312 రూపాయలు దాటుతుంది. కూలీలు, నీరు, విద్యుత్తు దీనికి అదనం. హాజరు సగమైతే రుసుము రెట్టింపు చేయాలి. రుసుము పెరిగితే హాజరు మళ్లీ తగ్గుతుంది. మరో వంక ఆ స్థలం విలువ పెరిగిన నాడు యజమాని ఫ్లాట్లు కట్టుకుంటాడు. అద్దె నేల మీద ఈ క్రీడ నిలదొక్కుకోవడం ఎందుకు కష్టమో ఈ లెక్కే చెబుతున్నది.

దీనికి భిన్నంగా, భారీ ట్రాక్‌ల కథ ఎలా నడిచిందో గమనించాలి. గ్రేటర్ నోయిడాలో జేపీ సంస్థ దాదాపు రూ.2,000 కోట్లతో నిర్మించినట్లు చెప్పిన బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో 2011 అక్టోబరు 30న తొలి ఫార్ములా వన్ పందెం జరిగింది. పన్నుల వివాదాల నడుమ 2013తోనే ఆ పందాలు ముగిశాయి. బకాయిల కారణంగా ఆ ప్రాంతంలోని వేయి హెక్టార్ల కేటాయింపును యమునా ఎక్స్‌ప్రెస్‌వే సంస్థ 2020లో రద్దు చేసింది. 2023 సెప్టెంబరులో మోటో జీపీ పందెం ఒకసారి జరిగినా మరుసటి ఏడాది కొనసాగలేదు. జైప్రకాశ్ అసోసియేట్స్ సంస్థ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

హైదరాబాదు అనుభవం తెలుగు పాఠకులకు ఇంకా గుర్తే. హుస్సేన్ సాగర్ తీరాన 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. 2024 పందెం రద్దయింది. దానికి సంబంధించిన సుమారు రూ.55 కోట్ల చెల్లింపులపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానాలు. ఒక్క విషయం మాత్రం తీర్పు కోసం వేచి ఉండనక్కరలేదు. ఆ ఒక్క రోజు సంబరం ముగిశాక నగర యువకుడు కారు నడిపి నేర్చుకోగల జానెడు ట్రాక్ కూడా మిగలలేదు.

దక్షిణాదిన నిలిచిన ట్రాక్‌ల పుట్టుక వేరు. మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు షోలవరంలోని పాత విమాన పట్టీ మీద పందాలు నిర్వహించి, అనుభవం గడించి, శ్రీపెరంబుదూరు వద్ద సొంత ట్రాక్‌ను 1990లో సాధించుకున్నది. కోయంబత్తూరు సమీపంలోని కరి స్పీడ్‌వే 2003లో వచ్చింది. ఇంజినీరింగు విద్యార్థులు సొంతంగా రూపొందించిన కార్లతో పోటీపడే ఫార్ములా భారత్‌కు అదే వేదికగా నిలిచింది. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఆ ప్రాంతం వాడే కావడం యాదృచ్ఛికం కాదు. నిత్యం వాడే క్లబ్బులు ముందు, ట్రాక్ తరువాత. ఉత్తరాదిన ట్రాక్ ముందు వచ్చింది, వాడేవారు రాలేదు.

పొరుగున ఉన్న శ్రీలంక అనుభవం మరో హెచ్చరిక. 2024 ఏప్రిల్ 21న దియతలావాలోని ఫాక్స్ హిల్ పందెంలో ఒక కారు అదుపు తప్పి ప్రేక్షకుల మీదికి దూసుకుపోగా ఏడుగురు మరణించారు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. మృతుల్లో 71 శాతానికి అతివేగమే కారణమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. రిమోట్ కారు ట్రాక్ పెడితే వేగోన్మాదం మాయమవుతుందనడం అతిశయోక్తి. కాని వేగం మీది మోజును మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టకుండా తీర్చగల వేదికలు వేళ్ల మీద లెక్కించదగినన్నే. అందులో ఇది ఒకటి.

పిల్లలకు కబడ్డీ కోర్టులే లేని దేశంలో ఈ విలాసం దేనికన్న ప్రశ్న సహజమే. కబడ్డీ కోర్టును తొలగించి ఈ ట్రాక్ పెట్టమని ఎవరూ అడగరు. తివాచీ ట్రాక్ ఆదివారం పరచి సాయంత్రం చుట్టేయగలిగినది. పురపాలక సంఘాల ఇండోర్ హాళ్లు, పాలిటెక్నిక్ కళాశాలల వర్క్‌షాపు ఆవరణలు ఖాళీగా ఉన్న రోజుల్లో ఇందుకు వాడుకోవచ్చు. పైగా విద్యుత్ వాహనాల పరిశ్రమ విస్తరిస్తున్నదని చెప్పుకుంటున్న రోజుల్లో, బ్యాటరీని, మోటారును చేత్తో విప్పి బిగించి నేర్చుకునే సాధనాన్ని విలాసమనడం హ్రస్వదృష్టి.

కేంద్రం చేయవలసిన పని ఒక్కటే. పోటీ నమూనాలను, వాటి విడిభాగాలను బొమ్మల శీర్షిక నుంచి వేరు చేసి, విడిభాగాలపై సుంకం తగ్గించాలి. దానితో బొమ్మల పరిశ్రమకు కలిగే నష్టం లేదు, ఇక్కడే కారు బిగించే చిన్న సంస్థలకు ఊతం లభిస్తుంది. రాష్ట్రాలు, నగరపాలక సంస్థలు చేయవలసింది అంతకన్నా సులువు. నిధులు కాదు, వారానికి ఒక రోజు నేల ఇవ్వాలి. నిర్వహణ బాధ్యతను రాతపూర్వక ఒప్పందంతో స్థానిక క్లబ్బులకు అప్పగించాలి. ఒక రోజు పందెం కోసం కోట్లు వెచ్చించడానికి సిద్ధపడిన ప్రభుత్వాలకు ఇది అసాధ్యమని ఎవరు నమ్ముతారు?