మినహాయింపు కూడా అల్లాహ్ అనుగ్రహమే

రమజాన్ సమీపిస్తున్నదంటే మదర్సాకు వచ్చే పెద్దలు కొందరు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: “మౌల్వీ సాబ్! నాకు షుగర్. డాక్టరు రోజా వద్దన్నారు. ఇన్నేళ్లలో ఒక్క రోజా విడవలేదు. ఇప్పుడు మానుకుంటే అల్లాహ్‌కు ఏమని సమాధానం చెప్పుకోవాలి?”

ఈ ఆవేదన విశ్వాసానికి చిహ్నమే. అయితే ఉపవాసాన్ని విధించిన ప్రభువే వ్యాధిగ్రస్తునికి మినహాయింపునూ ప్రసాదించాడు. బఖరా సూరాలోని 184, 185 ఆయతులు రెండింటిలోనూ ఈ వెసులుబాటు ప్రస్తావన ఉంది. ఆజ్ఞను శిరసావహించి మినహాయింపును తిరస్కరించడం సంపూర్ణ విధేయత కాజాలదు.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం అబూదావూద్‌లో ఉంది. ప్రయాణంలో తలకు గాయమైన ఒక వ్యక్తికి గుసుల్ అవసరమైంది. తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని సహచరులను అడిగాడు. వారు వీల్లేదన్నారు. అతడు స్నానం చేసి మరణించాడు. సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) ఆ సలహా ఇచ్చినవారిని తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని హితవు చెప్పారు. “ఏమీ కాదు, ఉండండి” అని రోగిని తొందరపెట్టేవారు ఈ హదీసును మననం చేసుకోవాలి.

షుగర్ ఉన్నవారందరి పరిస్థితీ ఒకటి కాదు. ఆహార నియమంతోనో, స్వల్పమైన మాత్రలతోనో వ్యాధి అదుపులో ఉన్నవారు చాలామంది వైద్యుని పర్యవేక్షణలో ఉపవాసం పాటించగలరు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, ఇటీవల షుగర్ పడిపోయి స్పృహ తప్పినవారికి, గర్భిణులకు, బాల్యం నుండి ఇన్సులిన్‌పైనే ఆధారపడినవారికి ప్రమాదం ఎక్కువ. కనుక రమజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే వైద్యుని సంప్రదించాలి. మందుల మోతాదును సొంతంగా మార్చుకోరాదు.

వేలినుండి రక్తం తీసి పరీక్షించుకోవడం వల్ల రోజా భంగం కాదు. ఇన్సులిన్ సూది వల్ల కూడా భంగం కాదన్నది సమకాలీన ధర్మపండితులలో అత్యధికుల అభిప్రాయం. షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతున్నారు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే వెంటనే పరీక్షించుకోవాలి. మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాలే ఉన్నదని వేచి ఉండరాదు. ఇలా ప్రాణభయంతో విరమించిన రోజాకు ఖజా మాత్రమే ఉంటుంది, కఫ్ఫారా లేదు.

రమజాన్‌లో ఉండలేకపోయినా, పగలు చిన్నవైన చలికాలంలో ఉండగలిగినవారు అప్పుడు ఖజా చెల్లించాలి. వారికి ఫిద్యా సరిపోదు. కోలుకుంటామన్న ఆశ లేని శాశ్వత రోగులు మాత్రం ఒక్కొక్క రోజాకు ఒక నిరుపేదకు రెండు పూటల భోజనం పెట్టాలి. తరువాత ఆరోగ్యం చేకూరితే ఖజా తప్పదు.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. రోజా లేని పెద్దల చేత చాటుగా అన్నం తినే పరిస్థితి కల్పించకండి. వేళకు భోజనం, మందులు గౌరవంగా అందించండి. ఉపవాసం పాటించే పెద్దలకు ఇఫ్తార్‌లో షర్బత్, సమోసాలు బలవంతంగా వడ్డించకండి. ఉపవాసికి ఇఫ్తార్ చేయించినవారికి అతనితో సమానమైన పుణ్యం లభిస్తుందని హదీసు తెలుపుతున్నది. ఖుర్ఆన్ పారాయణం, దుఆ, దానధర్మాల ద్వారాలు వ్యాధిగ్రస్తులకు కూడా తెరిచే ఉన్నాయి.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మనకు సరైన అవగాహనను ప్రసాదించుగాక! ఆమీన్.