బట్టమేక పక్షి – ఆకారము, ఋతువు, రక్షణ

కంచె వేసి, బోర్డు పాతి, కాపలాదారును నియమించినంత మాత్రమున ఒక పక్షిజాతి నిలువదని మా అభిప్రాయము. అది ఏ నెలలో ఏమి చేయునో, మగపక్షికి ఏమి కావలెనో, ఆడపక్షికి ఏమి కావలెనో ఎరుగని రక్షణ సగము రక్షణయే. 1988లో నాటి కర్నూలు జిల్లాలో ఏర్పడి, నేడు నంద్యాల జిల్లాలో నున్న రోళ్లపాడు అభయారణ్యము ఇందుకు నిదర్శనము. బట్టమేక పక్షి కొరకే వెలసిన ఆ బీడులో ఇప్పుడు దాని దర్శనమే దుర్లభమైనది.

ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో ఇది ఒకటి. మగపక్షి 8 నుండి 15 కిలోల వరకు తూగును. ఆడపక్షి 7 కిలోలు దాటుట అరుదు. ఒకే జాతిలో ఇంత వ్యత్యాసమేల? మగపక్షి గ్రుడ్డు పొదగదు, పిల్లను సాకదు. దాని పని అంతయు ప్రదర్శనయే. వానలకు నేల పచ్చబడగానే, నలుదిక్కులకు కనబడు మిట్ట నెన్నుకొని, మెడక్రింది తెల్లని సంచిని గాలితో నింపి వ్రేలాడదీసి, తోకను వీపు మీదికి విరిచి, అర కిలోమీటరు దూరము వినబడునట్లు గంభీరముగా మూలుగును. దేహబలము గలదే ప్రత్యర్థులను తరిమి ఆ మిట్టను నిలుపుకొనును. ఆడపక్షి వచ్చి, చూచి, వరించి వెడలిపోవును. స్వయంవరమనినను తప్పులేదు.

పెద్ద దేహమే పౌరుషమని విద్యార్థులు తొందరపడరాదు. అదే కుటుంబమునకు చెందిన నేల నెమలిలో ఆడదే కొంచెము పెద్దది. అక్కడ మగపక్షి వానకాలపు గడ్డిలో నుండి దినమునకు వందలసార్లు పైకి దుమికి తన్ను చూపుకొనవలెను. దానికి తేలికదనమే మేలు.

ఇక ఆడ బట్టమేక సంగతి. అది నేలమీదనే, సాధారణముగా ఒకే ఒక గ్రుడ్డు పెట్టి, సుమారు 27 దినములు ఒంటరిగా పొదుగును. సరిగా ఆ దినములలోనే క్రొత్త గడ్డికి మందలు వచ్చును, మందల వెంట కుక్కలు వచ్చును. ఆ ఒక్క గ్రుడ్డు డెక్క క్రింద నలిగినచో చాలవరకు ఆ యేటి ఆశ అంతటితో సరి. మగపక్షికి చేటు వేరొక తీరున వచ్చినది. ఆ భారీ దేహమే పూర్వము వేటగాండ్రకు గురియైనది. నేడు విద్యుత్ తీగలు ఆడ మగ భేదము లేకుండ బలిగొనుచున్నవి. ప్రక్కలకు బాగుగా చూడగల ఈ పక్షికి ఎదుటి చూపు తక్కువ, బరువు వలన చటుక్కున మళ్లుటయు కష్టము. స్వేచ్ఛగా మిగిలినవి 150 లోపేనని అంచనా. అందు అధికభాగము రాజస్థానములోని జైసల్మేరు ప్రాంతములోనే.

సలీం అలీ గారు జాతీయ పక్షిగా దీనినే కోరిరి. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది. అది దక్కకున్నను పోనిండు. దాని నివాసమును మన రెవిన్యూ దస్త్రములు బంజరని వ్రాసికొనుటయు, ఆ బంజరును బాగుచేయుదుమని చెట్లు నాటుటయు మాకు మరింత బాధాకరము. చెట్టు లేకపోవుటయే ఆ నేల గుణము. మిట్ట మీది మగపక్షిని ఆడపక్షి దూరము నుండి చూడవలెను గదా!

గొర్రెల కాపరిని ఏడాది పొడవున వెడలగొట్టుటను మేము సమర్థింపము. తరతరములుగా ఆ బీడులో మందయు పక్షియు కలిసి బ్రతికినవి. గడ్డి మరీ ఏపుగా పెరుగుటయు ఈ పక్షికి హితము కాదు. గ్రుడ్లు పెట్టి పిల్లలను సాకు వాననెలలలో మాత్రమే మేత మాన్పించి, తక్కిన నెలలలో మందలను రానీయవలెను. జైసల్మేరులో 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ మూలమున ఒక పిల్ల పుట్టినది. అట్టి పిల్లలలో కొన్నియైనను ఒకనాడు రోళ్లపాడుకు రావలెనన్నచో, మేత మానిన నెలలకు తగిన గ్రాసపు ఖర్చు కాపరులకు ఈయవలెను. ఆ సొమ్ము తొలకరికి ముందే వారి చేతికి అందవలెను.