తీరిక వేళ: ఇంజను లేని విమానం

మధ్యాహ్నపు ఎండలో గద్ద రెక్క ఆడించకుండానే చుట్లు కొడుతూ పైకి పోవడం మీ పిల్లలకు చూపించారా? హోసూరులోనైనా బరంపురంలోనైనా ఈ పాఠానికి ఫీజు లేదు!

ఎండకు నేలంతా ఒకేలా కాగదు. దున్నిన చేను, బండనేల త్వరగా వేడెక్కుతాయి. తడిపొలం, చెరువు నిదానిస్తాయి. వేడెక్కినచోట గాలి తేలికై పైకి లేస్తుంది. దీన్నే 'థర్మల్' అంటారు. రేడియోతో నడిపే గ్లైడరు బొమ్మలకు ఇదే ఇంధనం.

చేత్తో విసిరే 'ఎఫ్3కె' తరగతి గ్లైడరు రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 1,500 మిల్లీమీటర్లు, బరువు 600 గ్రాములు మించరాదు. రెక్క కొస పట్టుకుని, గిర్రున తిరిగి విసురుతారు. ఆ ఊపు తీరాక అది దిగడం మొదలుపెడుతుంది. దిగే వేగం కన్నా గాలి లేచే వేగం ఎక్కువైతేనే మళ్ళీ పైకి పోతుంది. ఒక రెక్క దానంతటదే లేచిందంటే థర్మల్ అటువైపు ఉందన్నమాట. అటే తిప్పి చుట్లు కొట్టించాలి.

చిక్కల్లా తిరిగి రావడంలోనే. థర్మల్ గాలివాలుకు కొట్టుకుపోతుంది. ఎత్తు మీది ఆశతో దాని వెంటపడితే, ఎదురుగాలిలో వెనక్కి రావడానికి ఉన్న ఎత్తు చాలదు. పైగా థర్మల్ చుట్టూ గాలి కిందికి దిగుతుంటుంది. మోటారు లేదు గనుక ఆదుకునేదేమీ ఉండదు. అందుకే అనుభవజ్ఞులు బొమ్మ ఇంకా పైకి పోతుండగానే మళ్ళిస్తారు. పిల్లలకు ఈ ఆట నేర్పే నిగ్రహం అదే.

ఈ వేసవిలో ముందు గద్దను గమనించండి. ఆపైన బొమ్మ ఎగరేస్తే విమానాశ్రయాలకు, కరెంటు తీగలకు, జనానికి దూరంగా, పెద్దల తోడుతోనే సుమండీ!