స్టెమ్ సెల్ పేరు వింటే ఎందుకింత ఖౌఫ్?



ఖాందాన్‌లో ఒక అమ్మాయి నర్సింగ్‌లో చేరిందంటే చాలు, ఆమే మొహల్లాకు డాక్టర్. ఖాలా షుగర్ రిపోర్టు తెస్తుంది, పక్కింటి చాచా మందుల చీటీ తెస్తాడు. మన వైపు ఇలాంటి పిల్లలు ఇప్పుడు పెరుగుతున్నారు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో, 2024లో గద్వాలలో సర్కారీ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మాషా అల్లాహ్, ఇది ఖుషీ పడాల్సిన మాట. కానీ నలుగురూ మన మాట నమ్ముతున్నారంటే ఆ మాటకు జిమ్మేదారీ కూడా ఉంటుంది.

స్టెమ్ సెల్ మార్పిడి సంగతే చూడండి. చదువుకునే పిల్లల నోట కూడా నేను వినే మాటలివి: "వెన్నెముకలోంచి తీస్తారు, కాళ్లు పడిపోతాయి." "ఇచ్చినవాళ్లు జిందగీ అంతా కమ్‌జోర్." "ఆడపిల్ల ఇస్తే రేపు ఔలాద్ కలగదు." ఇవన్నీ గలత్ ఫహమీలే. మామూలు మనిషి అంటే అది భయం అనుకుంటాం. తెల్ల కోటు వేసుకున్న పిల్ల అంటే ఇంట్లోవాళ్లకు అదే ఫైసలా.

ఈ ఫైసలా వల్ల నుక్సాన్ ఎవరికి? తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు. ఆ బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సీసాతో ఒంట్లో ఇనుము చేరి గుండెను, కాలేయాన్ని పాడుచేస్తుంది. దాన్ని దించడానికి రోజూ మందులు వాడాలి. జబ్బును వేళ్లతో తీసేసే అవకాశం ఎక్కువగా మార్పిడితోనే ఉంది. అది చిన్న వయసులో, ఇనుము అవయవాలను పాడుచేయకముందే, సరిపోయే తోబుట్టువు ఇచ్చినప్పుడు బాగా ఫలిస్తుంది. "వద్దులే అమ్మీ, చాలా ఖతర్నాక్" అని ఒక విద్యార్థి అన్న మాటతో నాలుగేళ్లు గడిచిపోతే, ఆ నాలుగేళ్లు బిడ్డ ఖాతాలోంచి పోయినట్టే.

అసలు జరిగేది ఏమిటి? నల్లీ ఎముక కొట్టి పిల్లలకు తినిపిస్తామే, ఆ గూదా మనలోనూ ఉంటుంది. తెలుగులో మూలుగ అంటాం. తుంటి ఎముకలో ఉండే ఎర్ర మూలుగ రక్తాన్ని తయారుచేసే కార్ఖానా. అందులోని మూల కణాలే స్టెమ్ సెల్స్. వీటిని రెండు రకాలుగా తీస్తారు. ఒకటి, మత్తు ఇచ్చి తుంటి ఎముక వెనుక భాగంలోంచి సూదితో. వెన్నుపామును ముట్టుకోరు. రెండోది, నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి కణాలను రక్తంలోకి రప్పించి, చేతి నరం నుంచి మిషన్‌తో కొన్ని గంటల్లో సేకరించడం. ఒళ్లు నొప్పులు, తలనొప్పి కొన్నాళ్లు ఉండొచ్చు. తీసిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. సంతానానికి, బలానికి దీనితో తాల్లుక్ లేదు.

మరీజ్‌కు ఆపరేషన్ ఉండదు. పాత మూలుగను కీమోతో తొలగించి, కొత్త కణాలను రక్తంలాగే నరంలోకి ఎక్కిస్తారు. బ్లడ్ గ్రూప్ కలవాల్సిన పనిలేదు. కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ప్రతి ఒక్కరికీ ఇది పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. కలవకపోతే దర్వాజా మూసుకుపోయినట్టు కాదు. సగం కలిసిన తల్లిదండ్రుల నుంచి, దాతల రిజిస్ట్రీల నుంచి కూడా చేస్తున్నారు. దత్రి లాంటి రిజిస్ట్రీలో చేరడానికి బుగ్గ లోపల దూది పుల్ల తిప్పితే సరిపోతుంది. ఒకే మూలాలున్న జనంలోనే జత దొరికే అవకాశం ఎక్కువ. మనవాళ్లు పేరు రాయించుకోకపోతే మన బిడ్డకు ఎవరు దొరుకుతారు?

ఖతరా లేదని నేను అనను. కీమో వల్ల ఇన్ఫెక్షన్లు రావచ్చు, మరీజ్‌కు ముందు ముందు సంతానం విషయంలో ఇబ్బంది కలగొచ్చు. కొత్త కణాలు ఒంటి మీదే తిరగబడొచ్చు. కొందరు బతకరు కూడా. ఇవన్నీ పెద్ద డాక్టర్‌తో కూర్చుని తూచుకోవాల్సిన మాటలు. గద్వాల వాళ్లు కర్నూలు, రాయచూరు ఆస్పత్రులకు అలవాటు పడ్డారు. ఈ విషయంలో మాత్రం హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట రక్తవ్యాధుల నిపుణుడిని ఒకసారైనా కలవాలి. తలసీమియా పిల్లల కోసం అక్కడ 1998 నుంచి ఒక సొసైటీ కూడా నడుస్తోంది.

భయం ఒకవైపు ఉంటే, అంధ నమ్మకం ఇంకోవైపు. "స్టెమ్ సెల్ ఎక్కిస్తే ఆటిజం పోతుంది, మోకాళ్లు కొత్తవవుతాయి" అని లక్షలు గుంజే దుకాణాలున్నాయి. కొందరు విద్యార్థులు వీటినీ, మూలుగ మార్పిడినీ ఒకే గాటన కడతారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో సాఫ్‌గా చెప్పింది: రక్త సంబంధ జబ్బులకు ఆమోదం పొందిన మార్పిడి తప్ప మిగతాదంతా పరిశోధనే, దానికి మరీజ్ నుంచి పైసలు తీసుకోకూడదు. బొడ్డుతాడు రక్తం దాచే ప్రైవేటు బ్యాంకుల సంగతీ అంతే. తలసీమియా బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనూ అదే జన్యు లోపం ఉంటుంది, ఆ బిడ్డకు అది పనికిరాదు.

దీన్ వైపు నుంచి వచ్చే సవాల్ ఒకటుంది. గైర్ మర్ద్ కణాలు ఎక్కితే రిష్తా మారుతుందా అని. రక్తం ఎక్కిస్తే రిష్తా మారదని ఉలమా ఎప్పుడో చెప్పారు. ఇదీ అలా ఎక్కించేదే. ఇంకా వస్వసా ఉంటే మీ మసీదులో ఆలిమ్‌ను అడగండి. ఇలాజ్ మాట మాత్రం డాక్టర్‌ను అడగండి. ఒకరి పని ఇంకొకరితో చేయించొద్దు.

నికాకు ముందు అబ్బాయికీ అమ్మాయికీ హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది. మేనరికాలు మనలోనూ ఉన్నాయి, మన హిందూ పొరుగువారిలోనూ ఉన్నాయి. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ముందే తెలిస్తే పెద్దలు డాక్టర్ మష్వరా తీసుకోవచ్చు.

మూడు ఊళ్ల కాలేజీల్లో చదివే మన బేటా బేటీలకు నా గుజారిష్ ఒక్కటే. తెలియని చోట "తెలియదు ఖాలా, సార్‌ను అడిగి చెబుతా" అనండి. అలా అన్నంత మాత్రాన మీ ఇజ్జత్ తగ్గదు. మార్పిడి వార్డులో ఒకరోజు నిలబడి చూపించమని మీ ఉస్తాదులను అడగండి. వాళ్లూ ఆ ఒక్క రోజు ఇవ్వాలి. మీ నోట వచ్చే మాట మీద ఒక బిడ్డ భవిష్యత్తు ఆధారపడి ఉందని యాద్ ఉంచుకోండి.